ఏడాది తర్వాత ఎలా ఉన్నారు?

మా ఐసీయూ నుంచి ఇంటికి పంపేటప్పుడు కేస్ షీటు చివర పేషెంటు పరిస్థితి ఒక్క మాటలో రాస్తాం. కోలుకున్నారు, మెరుగుపడ్డారు, చనిపోయారు... వీటిలో ఏదో ఒకటి. సంతకం పెట్టగానే ఆ ఫైలు రికార్డు రూముకి వెళ్లిపోతుంది. దాన్ని మళ్లీ తెరిచే అవసరం మాకు దాదాపుగా రాదు.

కొన్నేళ్ల కిందట పేగుకు రంధ్రం పడి, అర్ధరాత్రి ఆపరేషన్ చేయించుకుని మా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన పన్నెండు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు. మూత్రపిండాలు మొరాయించాయి. బీపీ నిలబెట్టడానికి రెండు రకాల మందులు ఎక్కించాల్సి వచ్చింది. అయినా బయటపడ్డారు. ఆయన్ను వీల్‌చైర్‌లో కూర్చోబెట్టి గేటు దాకా తీసుకెళ్లిన రోజు నర్సుల ముఖాలు వెలిగిపోయాయి. ఐదారు నెలల తర్వాత వేరే పని మీద ఆ ఫైల్లోని నంబరుకు ఫోన్ చేస్తే వాళ్లబ్బాయి ఎత్తాడు. నాన్న ఇంటికొచ్చిన రెండు నెలలకే పోయారని చెప్పాడు. కాళ్లలో సత్తువ రాలేదట. మంచానికే అంటుకుపోయి వీపు మీద పుండ్లు పడ్డాయట. అన్నం సహించలేదట. మా రికార్డులో మాత్రం ఆయన ఇప్పటికీ కోలుకున్నవాళ్ల లెక్కలోనే ఉన్నారు.

ఆ ఫోన్ తర్వాతే నేను కాడ్‌మన్ గురించి సరిగ్గా చదివాను. అప్పటిదాకా ఆయన నాకొక త్రికోణం మాత్రమే. ఎముక కేన్సర్ ఉన్నప్పుడు ఎక్స్‌రేలో ఎముక పైపొర లేచి ఒక మూలగా కనిపిస్తుంది. దాన్ని కాడ్‌మన్ ట్రయాంగిల్ అంటారు. ఎంబీబీఎస్‌లో అది చిన్న ప్రశ్న, రెండు మార్కులు. ఆ మనిషి జీవితమంతా ఒకే ఒక్క ప్రశ్న అడిగి, ఆ ప్రశ్న కోసం ఉద్యోగాన్నీ స్నేహితుల్నీ డబ్బునీ పోగొట్టుకున్నారని మాకు ఎవరూ చెప్పలేదు.

ఎర్నెస్ట్ ఎమరీ కాడ్‌మన్ 1869 డిసెంబరు 30న అమెరికాలోని బోస్టన్‌లో పుట్టారు. పేరున్న కుటుంబం, హార్వర్డ్‌లో చదువు. వేటన్నా చేపలు పట్టడమన్నా ప్రాణం. వేటకెళ్తే ఎన్ని తూటాలు కాల్చారో, ఎన్ని పిట్టలు పడ్డాయో లెక్క రాసుకునే రకం. ఈ లెక్కల పిచ్చి ముదిరి ఆసుపత్రిలోకి కూడా వచ్చేసిందని ఆయన్ను ఇష్టపడనివాళ్లు అనుకుని ఉంటారు.

వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడు ఆయనకు సాటి విద్యార్థి, స్నేహితుడు హార్వీ కుషింగ్. తర్వాతి రోజుల్లో మెదడు ఆపరేషన్లకు ఆద్యుడిగా ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న కుషింగే. ఆ రోజుల్లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో మత్తు ఇచ్చే పని విద్యార్థులదే. 1846లో ఈథర్ మత్తుతో ఆపరేషన్ చేసి లోకానికి చూపించింది ఆ ఆసుపత్రే. కానీ యాభై ఏళ్లు కావస్తున్నా మత్తు ఇవ్వడం ఎలాగో నేర్పేవాళ్లు అక్కడ లేరు. బెంచీల మీద కూర్చున్న కుర్రాడిని పిలిచి, ఈథర్ సీసా, స్పాంజీ చేతిలో పెట్టేవారు. కుషింగ్ అలా మత్తు ఇచ్చిన తొలి రోజుల్లోనే ఒక పేషెంటు బల్ల మీదే చనిపోయారు. సర్జన్‌కు అది పెద్ద విషయం కాలేదు. ఇలాంటివి జరుగుతుంటాయన్నట్టు ముందుకు సాగిపోయారు. కుషింగ్ మాత్రం తల్లడిల్లిపోయి, వైద్యం చదువే మానేద్దామనుకున్నారు.

మిత్రులిద్దరూ ఒక పందెం వేసుకున్నారు. ఎవరు బాగా మత్తు ఇస్తే వాళ్లకు రెండోవాళ్లు భోజనం పెట్టించాలి. మరి ఎవరు బాగా ఇచ్చారో తేలేదెలా? అందుకోసం ఒక కార్డు తయారు చేసుకున్నారు. ఆపరేషన్ జరిగినంతసేపూ ఐదేసి నిమిషాలకోసారి నాడి ఎంత ఉంది, ఊపిరి ఎలా ఆడుతోంది, ఈథర్ ఎంత పట్టింది అని అందులో గీతలుగా వేసేవారు. 1894 నవంబరు నాటి ఆ కాగితాలే ఆపరేషన్ బల్ల పక్కన రాసిన మొట్టమొదటి అనస్థీషియా చార్టులు. 1901లో కుషింగ్ ఇటలీ నుంచి బీపీ చూసే పరికరం తెచ్చాక ఆ చార్టులో బీపీ గీత కూడా చేరింది. ఐసీయూలో మీవాళ్ల మంచం చివర వేలాడే పెద్ద కాగితం ఉంటుంది కదా, గంట గంటకూ సిస్టర్ చుక్కలు పెట్టేది. దానికి ముత్తాత ఈ పందెం కార్డే.

1895లో డాక్టరై బయటికొచ్చిన కాడ్‌మన్‌కు ఎక్స్‌రేలు కొత్తగా దొరికాయి. రాంట్‌జన్ వాటిని కనిపెట్టింది ఆ ఏడాదే. బోస్టన్‌లోని పిల్లల ఆసుపత్రిలో ఎక్స్‌రేల బాధ్యత చూశారు. పెళ్లయింది. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో సర్జన్ అయ్యారు. హార్వర్డ్‌లో పాఠాలు చెప్పారు. ఇక్కడిదాకా అందరి కథే. అలాగే సాగిపోతే మంచి ప్రాక్టీసు, పెద్ద ఇల్లు, చివరికి ఒక ప్రొఫెసర్ పదవి. ఆ దారి ఆయనకు తెరిచే ఉంది.

ఆయన అడగడం మొదలుపెట్టిన ప్రశ్న వినడానికి చాలా చిన్నది. ఆపరేషన్ చేసిన ప్రతి పేషెంటూ ఏడాది తర్వాత ఎలా ఉన్నారు? దానికి ఆయన వాడిన ఆయుధం ఒక చిన్న కార్డు. పేషెంటు ఏ బాధతో వచ్చారు, ఆపరేషన్‌కు ముందు మనం అనుకున్న జబ్బేమిటి, ఏం చేశాం, ఆసుపత్రిలో ఏ ఇబ్బందులొచ్చాయి, వెళ్లేటప్పుడు తేలిన జబ్బేమిటి అని రాయాలి. ఏడాది తర్వాత పిలిపించి చూసి, ఫలితం అదే కార్డు మీద రాయాలి. బాగుంటే సరే. బాగాలేకపోతే ఎందుకు బాగాలేదో రాయాలి. అసలు గొడవంతా ఈ చివరి వాక్యంతోనే వచ్చింది.

ఎందుకంటే ఆయన ఆ కారణాలను మొహమాటం లేకుండా విడగొట్టారు. డాక్టరుకు చేయి తిరగకపోవడం ఒకటి. ఆపరేషన్ చేయాలా వద్దా, ఎప్పుడు చేయాలి అన్న నిర్ణయంలో తప్పు ఇంకొకటి. జబ్బును పోల్చుకోలేకపోవడం, సరైన సంరక్షణ, పరికరాలు లేకపోవడం మరో రెండు. ఇవి కాక మనిషి జయించలేని జబ్బు, వైద్యానికి పేషెంటు ఒప్పుకోకపోవడం. వీటిలో దేనికీ అందనివి, ఇప్పటి జ్ఞానంతో ఎవరూ ఆపలేని విపత్తులు. ఈ చివరి రకానికి కూడా ఆయన చోటిచ్చారని గమనించాలి. జరిగిన ప్రతి చావుకూ డాక్టరే కారణమని ఆయన ఎప్పుడూ అనలేదు. కారణమేదో రాయండి అన్నారు, అంతే.

1910లో ఇంగ్లండ్ పర్యటనలో ఒక సాయంత్రం గుర్రపు బండిలో లండన్‌కు తిరిగొస్తూ ఫిలడెల్ఫియా సర్జన్ ఎడ్వర్డ్ మార్టిన్‌తో ఈ ఆలోచన పంచుకున్నారు. సర్జన్లందరికీ ఒక సంఘం ఉంటే ఇది సాధ్యమవుతుందని మార్టిన్‌కు తోచింది. 1913లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ పుట్టింది. ఆసుపత్రులకు ప్రమాణాలు ఏర్పరిచే కమిటీకి కాడ్‌మన్‌నే అధ్యక్షుడిని చేశారు.

సొంతంగా ఒక ఆసుపత్రి

సొంత ఆసుపత్రిలో మాత్రం పెద్దలు కదల్లేదు. అక్కడ పదోన్నతి సర్వీసును బట్టి వచ్చేది. ముందు చేరినవాళ్లు ముందు పెద్దవాళ్లవుతారు. ఎవరి పేషెంట్లు ఎలా కోలుకున్నారన్న లెక్క ఎక్కడా ఉండదు. మన దగ్గర సీనియారిటీ లిస్టు ఎరిగినవాళ్లకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు. కాడ్‌మన్ 1911లో బోస్టన్‌లోని పింక్నీ స్ట్రీట్‌లో పన్నెండు పడకలతో చిన్న ఆసుపత్రి తెరిచారు. ఫలితాలన్నీ అచ్చువేసి నలుగురికీ చూపించడమే దాని నియమం. 1914లో పాత ఆసుపత్రి ఉద్యోగానికి రాజీనామా చేశారు. వెంటనే అదే ఆసుపత్రికి ఇంకో ఉత్తరం రాశారు, తనను ముఖ్య సర్జన్‌గా నియమించమని. గత పదేళ్లలో తన ఫలితాలు మిగతావాళ్లకంటే మెరుగు అని దానికి కారణం చూపారు. ఎవరూ కాదనలేరు. కాదనాలంటే వాళ్ల దగ్గరా లెక్కలుండాలి కదా! ఆ ఉత్తరంలో కొంత పొగరు ఉందని నాకూ అనిపిస్తుంది. కానీ అందులోని తర్కాన్ని కొట్టిపారేయడం కష్టం.

1915 జనవరి 6న బోస్టన్ మెడికల్ లైబ్రరీలో వైద్యుల సమావేశం. ఏర్పాటు చేసింది కాడ్‌మనే. మేయర్ జేమ్స్ కర్లీ కూడా వచ్చారు. చర్చ చివర్లో కాడ్‌మన్ ఒక పెద్ద బొమ్మ మీద ముసుగు తీశారు. చిత్రకారుడైన మిత్రుడు ఫిలిప్ హేల్ చేత వేయించిన వ్యంగ్య చిత్రం అది. అందులో ఒక ఉష్ట్రపక్షి తల ఇసుకలో దూర్చి ఉంటుంది. అది బోస్టన్‌లోని సంపన్నుల పేట. తన వెనక్కి బంగారు గుడ్లు పెడుతూ పోతుంటుంది. ఆ గుడ్లను ఏరుకుంటున్నది పేరున్న డాక్టర్లు. ఫలితాల గురించి ఆ పక్షికి నిజం తెలిస్తే గుడ్లు పెట్టడం మానేస్తుందేమోనని హార్వర్డ్ అధ్యక్షుడు, ఆసుపత్రి ధర్మకర్తలు దూరంగా నిలబడి తలలు పట్టుకుంటారు.

సభలో గగ్గోలు పుట్టింది. మర్నాడు పత్రికలకెక్కింది. స్థానిక వైద్య సంఘంలో ఆయన పదవి పోయింది. హార్వర్డ్‌లో పాఠాలు చెప్పే అవకాశం పోయింది. పేషెంట్లను పంపించే తోటి డాక్టర్లు మొహం చాటేశారు. బొమ్మ చూపించకుండా ఉంటే ఆయన వాదన తొందరగా నెగ్గేదా? చెప్పలేం. అంతకుముందు నాలుగైదేళ్లు మర్యాదగానే అడిగారు మరి.

చిన్న ఆసుపత్రిలో ఆయన లెక్క మాత్రం ఆగలేదు. 1911 నుంచి 1916 వరకు 337 మంది పేషెంట్లు. వాళ్ల వైద్యంలో 123 పొరపాట్లు దొర్లాయని తానే రాశారు, ఏ పొరపాటు ఏ రకమో సహా. ఒక పిత్తాశయం ఆపరేషన్‌లో తాను పిత్తనాళాన్ని దెబ్బతీసిన సంగతీ, ఆపరేషన్ జరుగుతుండగా ఆ విషయం తనకే తెలియని సంగతీ, ఆ పేషెంటు చనిపోయిన సంగతీ దాచుకోలేదు. పుస్తకంగా అచ్చువేసి ఇతర ఆసుపత్రులకు పంపారు. నేను ఇరవై ఏళ్లుగా ఈ వృత్తిలో ఉన్నాను. నెలకోసారి మరణాల మీద జరిగే మీటింగుల్లో కూర్చున్నాను. నాలుగు గోడల మధ్య, తోటివాళ్ల ముందు తప్పు ఒప్పుకోవడానికే గొంతు పెగలదు. ఆయన దాన్ని అచ్చు వేయించారు.

1917 డిసెంబరు 6న కెనడాలోని హాలిఫాక్స్ రేవులో మందుగుండు నింపిన ఓడ పేలి దాదాపు రెండు వేల మంది చనిపోయారు. వేల మంది గాయపడ్డారు. కాడ్‌మన్ అక్కడికి వెళ్లి క్షతగాత్రులకు వైద్యం చేశారు. తర్వాత సైన్యంలో చేరారు. తిరిగొచ్చేసరికి పింక్నీ స్ట్రీట్ ఆసుపత్రి మూతపడి ఉంది. చేతిలో డబ్బు లేదు.

ఈలోగా ఆయన నాటిన విత్తనం వేరేచోట మొలిచింది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ వంద పడకలు దాటిన 692 ఆసుపత్రులను తనిఖీ చేయించింది. ప్రమాణాలంటే పెద్దవేం కాదు. ప్రతి పేషెంటుకూ కేస్ షీటు ఉండాలి, ల్యాబు, ఎక్స్‌రే ఉండాలి, డాక్టర్లు నెలకోసారి కూర్చుని ఫలితాలు మాట్లాడుకోవాలి. ఆ మాత్రానికే నెగ్గినవి 89. ఓడినవాటిలో దేశంలోకెల్లా పేరున్న ఆసుపత్రులూ ఉన్నాయి. 1919లో న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్‌లో సమావేశమైనప్పుడు, ఆ జాబితా పత్రికల చేతిలో పడుతుందని భయపడి హోటల్ కొలిమిలో వేసి తగలబెట్టారు. అయినా తనిఖీలు ఆగలేదు. 1951లో ఆ పని జాయింట్ కమిషన్ అనే సంస్థ చేతికి వెళ్లింది. మన కార్పొరేట్ ఆసుపత్రుల్లో కొన్నింటి గోడల మీద కనిపించే జేసీఐ గుర్తింపు ఆ సంస్థ అంతర్జాతీయ శాఖ ఇచ్చేదే.

భుజం డాక్టరు

1920లో ఆయన ఇంకో పనికి పూనుకున్నారు. ఎముక కేన్సర్ వచ్చిన ఒక పేషెంటు కుటుంబం, ఏ వైద్యంతో ఎవరైనా బతికారేమో తెలుసుకోవాలనుకుంది. దేశంలోని సర్జన్లందరికీ ఉత్తరాలు రాసి, ఒక్కో కేసు వివరాలు, ఎక్స్‌రేలు, స్లైడులు తెప్పించి ఒకచోట చేర్చారు. ఏ ఒక్క డాక్టరూ జీవితంలో ఇలాంటి కేసులు నాలుగైదుకు మించి చూడరు. అందరివీ కలిపితేనే నిజం తెలుస్తుంది. అమెరికాలో కేన్సర్ రిజిస్ట్రీలకు ఇదే నాంది. ఈ రోజు మనకు ఒక కేన్సర్ వస్తే ఐదేళ్లు బతికే అవకాశం ఇంత అని డాక్టరు చెప్పగలుగుతున్నారంటే, ఎక్కడో ఎవరో పేషెంట్ల వెంటపడి ఐదేళ్లపాటు అడిగి రాశారన్నమాట.

1934లో భుజం మీద పెద్ద పుస్తకం రాసి సొంత ఖర్చుతో వేశారు. ఫ్రోజెన్ షోల్డర్ అన్న పేరు పెట్టింది అందులోనే. షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. జాకెట్టు హుక్కు పెట్టుకోలేకపోతున్నానని ఒకరు, వెనక జేబులోంచి పర్సు తీయలేకపోతున్నానని ఇంకొకరు ఓపీకి వస్తారు. వాళ్లకు ఫిజియోథెరపిస్టు ముందుగా నేర్పే వ్యాయామం కాడ్‌మన్‌దే. బాగున్న చేత్తో బల్లను పట్టుకుని నడుము వంచి, నొప్పి చేతిని కిందికి వదిలేయాలి. భుజం కండరాలతో ఎత్తకుండా, ఒళ్లు కదిపితే ఆ ఊపుకు చెయ్యి గడియారం లోలకంలా ఊగాలి. ముందుకీ వెనక్కీ, పక్కలకు, తర్వాత చిన్న సున్నాలు చుట్టినట్టు. చెయ్యి బరువే కీలును మెల్లగా వదులు చేస్తుంది. నొప్పి భరించి బలవంతంగా ఎత్తడం ఇందులో లేదు. ఎముక విరిగి ఉన్నా, ఇటీవల భుజానికి ఆపరేషన్ అయినా మాత్రం మీ డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు.

కాడ్‌మన్ పద్ధతిలో ఒక లోపం ఉందని కూడా చెప్పాలి. ఉత్త లెక్కలు అన్యాయం చేస్తాయి. మా దగ్గరికి వచ్చే ఎమర్జెన్సీ కేసుల్లో చాలావరకు రెండు మూడు ఆసుపత్రులు తిరిగి, డబ్బులయ్యాక, ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకాక వచ్చేవే. ముందే కుదిర్చిన హెర్నియా ఆపరేషన్లు మాత్రమే చేసే నర్సింగ్ హోముతో పోలిస్తే మా దగ్గర చావులు ఎక్కువే ఉంటాయి. ఆ తేడాను తూచే తూనికలు ఆయన పోయిన చాలా కాలానికి వచ్చాయి. 1981లో వచ్చిన అపాచీ స్కోరు అలాంటిదే. ఐసీయూలో పేషెంటు చేరినప్పుడు ఎంత ప్రమాదంలో ఉన్నారో బీపీ, ఊపిరి, రక్తపరీక్షలు, వయసును బట్టి లెక్కకట్టి, ఆ తర్వాతే ఫలితాన్ని బేరీజు వేస్తారు. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులు 1990లలో ఇదే తరహాలో ప్రతి పెద్ద ఆపరేషన్‌కూ నెల రోజుల తర్వాత ఫలితం రాయడం మొదలుపెట్టాయి. ఎక్కడ తేడా ఉందో చూసుకుని దిద్దుకున్నాయి. పదేళ్లలో ఆపరేషన్ తర్వాత మరణాలు నాలుగో వంతుకు పైగా తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ చెక్‌లిస్టును ఎనిమిది నగరాల్లో పరీక్షించిన ఫలితాలు 2009లో వచ్చాయి. వాటిలో ఢిల్లీ ఒకటి. చెక్‌లిస్టుకు ముందు నూటికి 1.5గా ఉన్న మరణాలు ఆ తర్వాత 0.8కి తగ్గాయి. ఆ అధ్యయనాన్ని నడిపించిన బృందం కూడా బోస్టన్‌దే.

ఇంట్లో ఎవరికైనా పెద్ద ఆపరేషన్ అంటే మనం అడిగేవి రెండే. ఎంత ఖర్చవుతుంది, ఎన్ని రోజులు ఉండాలి. ఇలాంటి ఆపరేషన్ మీరు ఎన్ని చేశారు, చేయించుకున్నవాళ్లు ఆరు నెలల తర్వాత మామూలుగా తిరుగుతున్నారా అని అడగడం డాక్టరును అవమానించడం కాదు. నాకైతే అలా అడిగేవాళ్లంటే గౌరవమే. ఐసీయూ నుంచి వచ్చినవాళ్ల విషయంలో అసలు ప్రమాదం ఇంటికెళ్లాకే మొదలవచ్చు. వెంటిలేటర్ మీద వారం పదిరోజులు ఉంటే తొడల్లో, ఊపిరి తీసే కండరాల్లో సత్తువ కరిగిపోతుంది. మింగడం కష్టమవుతుంది. నిద్రలో ఉలిక్కిపడతారు, జ్ఞాపకం తగ్గుతుంది. అందుకని రోజూ ఎంత నడిపించాలి, గుడ్డు, పప్పు ఎంత పెట్టాలి, ఏ లక్షణం కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి డిశ్చార్జ్ కాగితంలో రాయించుకోండి. పనిచేసే ఫోన్ నంబర్లు రెండు ఇవ్వండి. ఫైలు తెరిస్తే మూడింట ఒక నంబరు తప్పు అనిపించేంత విసుగు నాకు చాలాసార్లు కలిగింది. మేం అడిగే తీరూ అలాగే ఉంటుంది లెండి, పరుగుల మీద.

ఆ ఫోన్ తర్వాత నేనూ ఒక రెండు వందల పేజీల నోటు పుస్తకం పెట్టుకున్నాను. వెంటిలేటర్ మీంచి ఇంటికి వెళ్లిన ప్రతి ఒక్కరి పేరూ రాసి, మూడు నెలలకు ఒకసారి, ఏడాదికి ఒకసారి ఫోన్ చేస్తున్నాను. కొందరి ఫోన్లు మోగవు. కొందరు నేనెవరో గుర్తుపట్టరు. ఒకామె మాత్రం తన మనవరాలి బారసాలకు పిలిచింది. కొన్ని పేజీల్లో చనిపోయిన తేదీలు ఉన్నాయి. వాటి పక్కన కారణం రాయడానికి ఒక గడి గీశాను. అది నింపేటప్పుడే చెయ్యి ఆగుతుంది.

భుజం పుస్తకం ముందుమాటలో కాడ్‌మన్ తన జీవితాన్నే ఒక గ్రాఫుగా గీసి పెట్టారు. సంపాదన గీత ఎక్కడ లేచిందో ఎక్కడ కూలిందో అందరికీ కనపడేలా. తన ఆలోచనను తన తరం ఒప్పుకోలేదని, రాబోయేవాళ్లు ఒప్పుకుంటారేమోనన్న ఆశ మాత్రం ఉందని అందులో చెప్పుకున్నారు. 1940 నవంబరు 23న చర్మంలో పుట్టే మెలనోమా కేన్సర్‌తో చనిపోయారు. బోస్టన్ పక్కనే ఉన్న మౌంట్ ఆబర్న్ శ్మశానవాటికలో, భార్య తరఫు బంధువుల స్థలంలో సమాధి చేశారు. దాని మీద పేరు లేదు, రాయి లేదు. అక్కడ పేరు చెక్కిన రాయి నిలబెట్టింది 2014లో. డబ్బు సమకూర్చినవాళ్లలో అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ కూడా ఉంది.